మెలట్టూరు నరసింహ ముఖం

మెలట్టూరు నరసింహ ముఖం తమిళనాడులోని తంజావూరు జిల్లా మెలట్టూరు గ్రామంలో ప్రదర్శించే తెలుగు భాగవతమేళ నాటకం ప్రహ్లాద చరిత్రములో నరసింహ పాత్రధారి ధరించే మాస్కు. 16వ శతాబ్దంలో తంజావూరు పాలకుడు అచ్యుతప్ప నాయకుడు ఈ గ్రామాన్ని తెలుగు బ్రాహ్మణ కుటుంబాలకు దానమిచ్చాడని ప్రసిద్ధి. నాటకకర్త మెలట్టూరు వేంకటరామ శాస్త్రి.

ఈ ప్రదర్శన నరసింహ జయంతి (వైశాఖ శుద్ధ చతుర్దశి) సందర్భంగా వరదరాజ పెరుమాళ్ ఆలయం ఎదుట రాత్రివేళ జరుగుతుంది. స్త్రీ పాత్రలను కూడా పురుషులే ధరించడం సంప్రదాయం. నాటకారంభంలో వినాయకుడిగా వచ్చే బాలుడు కూడా మాస్కు ధరిస్తాడు. కాని నరసింహ ముఖానికి గల స్థానం వేరు. దానిని ఆలయంలో ఉంచి పూజిస్తారు. పాత్రధారి ఆనాడు ఉపవాసముంటాడు. ముఖం ధరించిన పిమ్మట అతనిని స్వామి ఆవహిస్తాడని భక్తుల విశ్వాసం. అందువలన హిరణ్యకశిప పాత్రధారికి అపాయం కలుగకుండా తోటివారు అతనిని పట్టుకొని నిలుపుతారు.

జపానుకు చెందిన నో నాటకంలో కూడా నటుడు రంగప్రవేశానికి ముందు, అద్దమున్న గదిలో, మాస్కుకు నమస్కరించి దానిని ధరిస్తాడు. రెండు చోట్లా మాస్కు కేవలం అలంకారం కాదు. మెలట్టూరులో అది ఆరాధ్య దైవం కూడా. తమిళ దేశంలో ఒక తెలుగు నాటకం ఇన్ని తరాలు నిలవడానికి, అది వినోదంగా కాక పూజగా కొనసాగడం ఒక ముఖ్య కారణం.