నేలమీద ఎగిరిన విమానము

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతముల భజనలలో హార్మోనియం తిత్తిని మనము చూచుచునే ఉందుము. విమానచోదకులకు నేలమీద శిక్షణ నిచ్చు యంత్రము కూడ ఇట్టి తిత్తులనుండియే పుట్టినది.

అమెరికాలో ఎడ్విన్ లింక్ తండ్రికి ఆర్గన్ వాద్యముల కర్మాగారముండెను. లింక్ 1929లో గాలితిత్తులపై చిన్న విమానపు నమూనాను నిలిపెను. లోపల కూర్చున్నవాడు కర్రను కదల్చగా కవాటములు తెరచుకొని, ఒక తిత్తి ఉబ్బి, వేరొకటి అణగి, నమూనా ఒరిగెడిది. 1934లో టపా విమానములు కొన్ని చెడు వాతావరణమున కూలిపోగా, అమెరికా సైన్యము ఆరు లింక్ యంత్రములను కొనెను.

కర్రను కొంచెము కదల్చగానే యంత్రము అతిగా ఒరిగినచో ఏమగును? శిక్షార్థి కంగారుతో రెండవవైపు లాగును. అదియు మితిమీరి ఊగులాట పెరుగును. అందుచేత నేటి కంప్యూటరు యంత్రములలో, కర్ర నడుమ నున్నపుడు స్పందన తక్కువగాను, దూరము జరిగినకొలది ఎక్కువగాను ఉండునట్లు దిద్దవచ్చును. కాని మరీ మెత్తన చేసినచో అసలు విమానమున చేయి తడబడును. కనుక ఆ దిద్దుబాటుకు నిజ విమానమే కొలబద్ద.

హైదరాబాదు చెంత దుండిగల్‌లో 1971 నుండి మన వైమానికదళ అకాడమీ పనిచేయుచున్నది. ఆకాశమున చేయరాని తప్పును నేలమీద చేసి దిద్దుకొనుటయే చోదకవిద్యకు ఈ యంత్రము చేసిన మేలు.