చుక్క సత్తయ్య ఒగ్గుకథ బృందం: తొలి దశ

చుక్క సత్తయ్య (1935–2017) తెలంగాణ ఒగ్గుకథకుడు. స్వగ్రామం నేటి జనగామ జిల్లా లింగాలఘణపురం మండలంలోని మాణిక్యపురం.

ఒగ్గుకథకు పుట్టినిల్లు దేవుడి కొలువే. మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలను కురుమల, గొల్లల ఇళ్ల ముందు, జాతరల్లో చెప్పేవారు. బియ్యప్పిండి, పసుపు, కుంకుమ, ఆకుపొడితో నేలపై పట్నం అనే ముగ్గు వేసి, దేవుణ్ణి పిలిచి, రాత్రంతా కథ నడిపేవారు. సత్తయ్య తరం నేర్చుకున్నది ఈ పద్ధతిలోనే.

బృందం చిన్నది. కథకుడు పాడుతూ, ఆడుతూ ఒక్కడే రాజు, రాణి, కాపరి అవుతాడు. పక్కనున్న సహాయకుడు మాట అందుకుని ప్రశ్నిస్తాడు, నవ్విస్తాడు. వెనుక డోలు, తాళాలు. డోలు దరువు మారితే కథలో ఘట్టం మారినట్టే. కథకుడి దమ్ము తెలిసేది అక్కడే.

సత్తయ్య అసలు ఘనత ఈ పూజాకథను వేదిక మీదికి తెచ్చి, కులం గడప దాటించడం. హన్మాజీపేట మిద్దె రాములుతో పాటు ఒగ్గుకథకు రాష్ట్రవ్యాప్త గుర్తింపు తెచ్చినవారిలో ఆయన ముఖ్యుడు. తర్వాతి కాలంలో కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం అందుకున్నారు.