బిలస్వర్గం నుంచి బెలుం దాకా

కర్నూలు సీమ గవుల్లో మనిషి బస చేశాడనడానికి మనకున్న గట్టి ఆధారం ఒక పొయ్యి. బేతంచెర్ల ప్రాంతంలోని ముచ్చట్ల చింతమాను గవిలో పురావస్తు శాస్త్రవేత్త ఎం.ఎల్.కె. మూర్తి తవ్వకాలు జరిపినప్పుడు, మట్టి పొరల నడుమ నిప్పు రాజేసిన చోటు బయటపడింది. మట్టి బాగా కాలినప్పుడు అందులోని ఖనిజాల్లో అప్పటిదాకా పోగుపడిన శక్తి అంతా విడుదలైపోతుంది. చల్లారాక మళ్లీ మొదటినుంచి పోగవుతూ వస్తుంది. ఆ మట్టిని ప్రయోగశాలలో తిరిగి వేడిచేస్తే ఆ శక్తి కాంతిగా బయటికొస్తుంది. ఆ కాంతిని కొలిచి లెక్కగడితే నిప్పు వయసు సుమారు 17 వేల ఏళ్లని తేలింది. 1983లో ఆ ఫలితం అచ్చయింది.

ఇది మా మానవపాడుకు దూరపు సంగతేమీ కాదు. ఇక్కడ రైలెక్కితే తుంగభద్ర దాటి కర్నూలు, ఆ తర్వాత డోన్. అక్కడ నంద్యాల లైనుకు మారితే బేతంచెర్ల స్టేషన్ వస్తుంది. మా వైపు ఎన్నో ఇళ్లలో కాళ్ల కింద పరిచిన బేతంచెర్ల బండలు ఆ నేలలోంచి వచ్చినవే. సున్నపురాయి గనక ఆ నేలలో గవులు ఏర్పడ్డాయి. వాననీరు గాలిలోంచీ మట్టిలోంచీ బొగ్గుపులుసు వాయువును కలుపుకొని కొద్దిగా పులిసి, రాతి పగుళ్లలోకి దిగి, లక్షల ఏళ్ల మీద రాతిని కరిగించుకుంటూ దారి చేసుకుంది.

ఆ పొయ్యి రాజేసినవాళ్లు వేటాడి, దుంపలు తవ్వుకొని బతికినవాళ్లు. వాళ్ల జీవనాన్ని ఊహించడానికి మూర్తి ఒట్టి రాళ్ల మీద ఆధారపడలేదు. చెంచుల, యానాదుల, ఎరుకల జీవన పద్ధతులను దగ్గరగా గమనించి, వాటి వెలుగులో పాత ఆధారాలను చదివారు. ఆ పద్ధతి నాకు చాలా నచ్చుతుంది. అడవిలో ఏ కాలంలో ఏం దొరుకుతుందో, ఎక్కడ నీళ్లుంటాయో తెలిసినవాళ్లను పక్కనబెట్టి గవి చరిత్ర రాయలేం.

గవుల దారి ఆనాటితో మూసుకుపోలేదు. బనగానపల్లె దగ్గర రవ్వలకొండ గుహలో వీరబ్రహ్మేంద్రస్వామి కాలజ్ఞానం రాశారని జనం నమ్ముతారు. నాగర్‌కర్నూల్ జిల్లాలో సలేశ్వరం జాతర చూడండి. చైత్ర పౌర్ణమి రోజుల్లో వేలాది మంది నల్లమల లోయలోకి రాళ్ల దారిన దిగి, జలపాతం పక్కనున్న గుహలో లింగమయ్యను దర్శించుకుంటారు. పూజారులు చెంచులే. ఇప్పుడది అమ్రాబాద్ పులుల అభయారణ్యం కాబట్టి అటవీశాఖ అనుమతించిన కొద్ది రోజులే దారి తెరిచి ఉంటుంది. డేరాలూ గైడ్లూ రాకముందే మన జిల్లాల్లో అడవిలోకి నడిచి గుహ చూసొచ్చే అలవాటు భక్తి రూపంలో స్థిరపడింది.

చూసినదాన్ని కాగితం మీద పెట్టే పని మాత్రం 1844లో మొదలైంది. మద్రాసు సైన్యంలోని కెప్టెన్ న్యూబోల్డ్ బేతంచెర్ల దగ్గరి బిలస్వర్గం గుహల్లో ఎముకలు కలిసి గట్టిపడిన మట్టిని చూసి, బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో రాశాడు. నలభై ఏళ్లపాటు ఆ మాటను పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఇంగ్లండులో మనిషి పుట్టుక గురించి గట్టి వాదాలు నడుస్తున్న రోజుల్లో శాస్త్రవేత్త హక్స్‌లీ దృష్టి ఆ గుహల మీద పడింది. వాటిని తవ్వి చూడమని ఆయన మద్రాసు గవర్నరు గ్రాంట్ డఫ్‌ను కోరడంతో పని కదిలింది.

ఆ పని రాబర్ట్ బ్రూస్ ఫుట్‌కు వచ్చింది. 1863లో పల్లావరంలో రాతి గొడ్డలిని గుర్తించి, ఈ దేశపు పాతరాతి యుగానికి తలుపు తీసిన భూగర్భ శాస్త్రవేత్త ఆయన. 1884లో కర్నూలు గుహలు చూడటం మొదలుపెట్టాడు. తవ్వకాల భారంలో ఎక్కువ భాగం మోసింది ఆయన కొడుకు, సైన్యంలో లెఫ్టినెంటుగా ఉన్న హెన్రీ ఫుట్. బిలస్వర్గంలో గుహల పైకప్పు కూలి, ఎత్తైన రాతి గోడల మధ్య లోతైన సందులు ఏర్పడ్డాయి. వాటి పక్కల్లో గుహలున్నాయి. వాటికి కేథడ్రల్, పర్గేటరీ, చార్నెల్ హౌస్ అని క్రైస్తవ ప్రపంచపు పేర్లు పెట్టారు. పరిశోధన పత్రాల్లో ఆ పేర్లే నేటికీ నడుస్తున్నాయి.

దొరికిన ఎముకలను పురాజీవ శాస్త్రవేత్త లిడెక్కర్ పరిశీలించి 1886లో వివరాలు ప్రకటించాడు. వాటిలో ఒక ఖడ్గమృగం జాతికి కర్నూలు పేరే పెట్టాడు: రైనోసెరస్ కర్నూలియెన్సిస్. రాయలసీమ ఎండలో నిలబడి ఇక్కడ ఖడ్గమృగాలు తిరిగాయని తలచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది. ఎముకలతో చేసిన పనిముట్లు కూడా దొరికాయని ఫుట్ రాశాడు. వాటి మీద చాలాకాలం సందేహాలు సాగాయి. 1970లలో మూర్తి, కె. తిమ్మారెడ్డి మళ్లీ ఈ గవుల బాట పట్టాకే, ఇక్కడ మనిషి ఉనికికి రాతి పనిముట్ల రూపంలో బలం చేకూరింది. 2014లో బిలస్వర్గం పొరల మీద మరో పెద్ద అధ్యయనం వెలువడింది. గత రెండు లక్షల ఏళ్లలో వాతావరణం ఎంత మారినా, ఇక్కడి క్షీరదాల్లో దాదాపు అన్ని జాతులూ ఉపఖండంలో నిలదొక్కుకున్నాయని అది చెప్పింది. ఇంత విషయం బయటపడింది గుహ గోడల్లోంచి కాదు, నేలలోని మట్టిలోంచి.

  

బెలుం కథ వేరు. కొలిమిగుండ్ల మండలంలో చదునైన పొలాల మధ్య గుంతలోంచి లోపలికి దిగే గుహ ఇది. ఫుట్ 1884లోనే దీన్ని ప్రస్తావించినా, లోపలి దారుల లెక్క తేల్చింది మాత్రం 1982, 83ల్లో వచ్చిన జర్మన్ గుహాన్వేషకుడు డేనియల్ గెబాయెర్ బృందం. ఆ తర్వాత కూడా ఊళ్లవాళ్లు ఆ గుంతల్లో చెత్త పోస్తూనే ఉండేవారు. స్థానికులూ, పోలీసు అధికారి నారాయణరెడ్డీ పట్టుబట్టి అధికారుల చుట్టూ తిరిగారు. 1999లో పర్యాటకాభివృద్ధి సంస్థ చేతికి వచ్చి, చెత్తంతా ఎత్తి, మెట్లూ దీపాలూ గాలి గొట్టాలూ పెట్టాక 2002లో జనానికి తెరిచారు. మొత్తం పొడవు 3,229 మీటర్లు. అందులో సుమారు కిలోమీటరున్నర నడిచి చూడొచ్చు. తడితే స్వరాలు పలికే రాళ్లున్న చోటుకు సప్తస్వరాల గుహ అని పేరు. అన్నిటికన్నా లోతున పాతాళగంగ ఉంది. గెబాయెర్ పేరుతోనూ ఒక హాలు ఉంది. లోపల మట్టి పాత్రలు కూడా దొరికాయి.

బెలుం చూడటానికి పగలే అనుమతి. బస బయట హరిత హోటల్లో. ఆ కట్టుబాటు మంచిదే. బిలస్వర్గం లాంటి చోట్ల సరదాగా వెళ్లిన జట్లు గుహలోనే వంట చేయడం, నేల గీరడం, గోడల మీద పేర్లు రాయడం మానాలి. కొత్త బొగ్గు పాత పొరల్లో కలిస్తే కాల నిర్ణయం తప్పుతుంది. కదిలిన పొరను మళ్లీ అమర్చడం ఎవరి తరమూ కాదు. చుట్టుపక్కల రాతి గనుల మీద వేలమంది బతుకులు ఆధారపడ్డాయి, వాటిని మూయమని నేననను. గుహల చుట్టూ కొంత దూరం తవ్వకుండా హద్దురాళ్లు పాతాలి. బెలుంలో గైడ్లు ఉన్నట్టే బేతంచెర్లలోనూ ఊరి పిల్లలకు శిక్షణ ఇచ్చి, వచ్చినవాళ్ల వెంట పంపాలి. ఫుట్ తండ్రీకొడుకుల పని, మూర్తి తవ్వకాలు, 2014 నాటి ఫలితాలు తెలుగులో రాసిన ఒక బోర్డు గుహల దారిలో నిలబెట్టాలి.