నేల మీద ఓడిన కడలి దొర

1633 అక్టోబరు 22. చైనా ఆగ్నేయ తీరంలోని లియావోలువో అఖాతంలో డచ్ ఓడలు లంగరు వేసి ఉన్నాయి. మన మచిలీపట్నంలో బట్టల వ్యాపారం చేసిన కంపెనీవే అవి. నిప్పంటించిన పడవలు వాటి మీదికి దూసుకొచ్చాయి. అలా డచ్చివారిని తరిమికొట్టినవాడు అప్పట్లో చైనాను ఏలుతున్న మింగ్ వంశపు నౌకాధికారి జెంగ్ జిలాంగ్. అంతకు ఆరేళ్ల ముందు ఆ మింగ్ కొలువుకే కంట్లో నలుసైన సముద్రపు దొంగ అతడు.

జిలాంగ్ 1604లో ఫుజియాన్ రాష్ట్రంలో పుట్టాడు. కొండలెక్కువ, పొలాలు తక్కువైన ఆ సీమలో సముద్రమే బతుకుతెరువు. మింగ్ పాలకులు 1567లో సముద్ర వ్యాపారంపై నిషేధం సడలించినా, జపాన్‌తో బేరసారాలు మాత్రం నేరమే. అందుకే ఒకే ఓడ ఒకచోట వర్తకుడిదయ్యేది, మరోచోట దొంగదయ్యేది. కుర్రతనంలోనే మకావు చేరిన జిలాంగ్ బాప్టిజం పుచ్చుకుని నికొలస్ అయ్యాడు. జపాన్‌లోని హిరాడోలో లీ డాన్ అనే పెద్ద వర్తకుడి పంచన చేరాడు. తగావా మాత్సును పెళ్లాడాడు. 1624లో కొడుకు పుట్టాడు. కొంతకాలం డచ్చివారికి దుబాసీగానూ పనిచేశాడు. 1625లో లీ డాన్ మరణించాక సొంత దండు కట్టాడు.

అప్పటికి ఉత్తరాన మంచూలతో యుద్ధం మింగ్ ఖజానాను మింగేస్తోంది. ఫుజియాన్‌లో కరవు. తిండి దొరకని జనం జిలాంగ్ ఓడలెక్కారు. గెలవలేమని గ్రహించిన ప్రభుత్వం 1628లో అతడికి క్షమాభిక్షతో పాటు పదవీ ఇచ్చింది. పోటీ దొంగలను ఒక్కొక్కరినీ అణచివేశాక ఆ తీరంలో అతడి అనుమతి లేకుండా ఓడ కదలడం కష్టమైంది.

1644లో బీజింగ్ తిరుగుబాటుదారుల వశమైంది. చక్రవర్తి ఉరి వేసుకున్నాడు. వారి వెనకే వచ్చిన మంచూలు రాజధానిని ఆక్రమించారు. మరుసటి ఏడాది ఫూజౌలో మింగ్ వంశీయుడొకరు జిలాంగ్ అండతో సింహాసనమెక్కాడు. కానీ 1646లో మంచూలు పెద్ద పదవి ఆశ చూపగానే జిలాంగ్ వారి వైపు మొగ్గాడు. వెళ్లొద్దని కొడుకు ఎంత బతిమాలినా వినలేదు. మంచూలు అతడిని బందీగా బీజింగ్ తీసుకుపోయి, 1661లో చంపేశారు.

మింగ్ వారి పదవి జిలాంగ్ బలానికి పడిన ముద్ర మాత్రమే. ఆ బలం ఓడల్లో ఉంది, వాటిని నమ్ముకున్న తీరప్రజల్లో ఉంది. వాటిని వదిలి గట్టెక్కిన రోజే అతడు ఒంటరివాడయ్యాడు. ఓడలను వదలని కొడుకు జెంగ్ చెంగ్‌గాంగ్, 1662 ఫిబ్రవరిలో డచ్చివారిని లొంగదీసి తైవాన్‌లోని వారి కోటను స్వాధీనం చేసుకున్నాడు.