మాల్టు తొట్టిలో పుట్టిన శాస్త్రము

మొలకెత్తిన ధాన్యము తియ్యబడునని మన పల్లెలలో అందరికీ తెలిసినదే. రాగులను నానబెట్టి, మూటకట్టి, మొలకెత్తిన తరువాత ఎండబెట్టి విసరిన పిండితో కాచిన జావ మామూలు జావకంటె పలుచగాను, తియ్యగాను ఉంటుంది. ఈ తీపి ఎక్కడినుండి వచ్చినది? ఈ ప్రశ్నకు జవాబు యూరపులో బీరు కాచువారి తొట్లనుండి దొరికినది.

బీరునకు ముఖ్యమైన ధాన్యము బార్లీ. మన రైతులు వడ్లను మండెకట్టినట్లే దానిని నానబెట్టి, మొలక రాగానే ఆరబెడతారు. ఇదే మాల్టు. దానిని నలుగగొట్టి తగిన వేడిగల నీటిలో సుమారు గంటసేపు నానబెట్టుటను మాషింగ్ అంటారు. అప్పుడు గింజలోని పిండిపదార్థము చక్కెరగా మారి నీటిలో కరుగుతుంది. ఆ రసమును వంపిన తరువాత, పిప్పిలో మిగిలిన తీపిని వేడినీటితో కడిగి రాబట్టుటను స్పార్జింగ్ అంటారు. ఈ రసము ఈస్టు వలన పులిసి బీరు అవుతుంది.

చిక్కంతయు 'తగిన వేడి' అను మాటలో ఉన్నది. నీరు చల్లగా ఉన్నచో మార్పు చాల మందముగా జరుగుతుంది. సలసల కాగుచున్న నీరు పోసినచో మార్పు ఆగిపోతుంది. ఉష్ణమాపకము వాడని రోజులలో ఇంగ్లండులో నీటిని మరిగించి, ఆవిరి తగ్గి నీటిలో తమ ముఖము కనిపించువరకు ఆగేవారు. ఈ గుర్తు చాలవరకు పనికివచ్చినది. కాని గాలి మారితే ఆవిరియు మారుతుంది. రసము చెడినప్పుడు కారణము తెలిసేది కాదు.

లండనుకు చెందిన మైకేల్ కోంబ్రూన్ 1758లోను, 1762లోను ప్రచురించిన గ్రంథములలో ఉష్ణమాపకము వాడవలెనని బోధించాడు. హాంప్‌షైరులోని ఆల్టన్ పట్టణమున జేమ్స్ బేవర్‌స్టాక్ అను యువకుడు దానిని చేపట్టాడు. తండ్రికి ఇష్టము లేనందున చాటుగా వాడవలసి వచ్చినది. 1768లో అతడు హైడ్రోమీటరును కూడ రసములో ముంచి చూచాడు. రసములో చక్కెర ఎక్కువైనకొలది సాంద్రత హెచ్చి, ఆ పరికరము పైకి తేలుతుంది. లండనులోని పెద్ద వ్యాపారి శామ్యూల్ విట్‌బ్రెడ్ అతని మాట చెవిని పెట్టలేదు. హెన్రీ త్రేల్ ప్రోత్సహించాడు. 1784లో జాన్ రిచర్డ్‌సన్ ఈ కొలతలపై ఒక గ్రంథమే ప్రచురించాడు.

కొలత వచ్చిన తరువాత పాత నమ్మకములు కొన్ని నిలువలేదు. ముదురు రంగు మాల్టు చవకయే కాని, లేత రంగు మాల్టుకంటె తక్కువ చక్కెర ఇచ్చునని తేలినది. పోర్టరు అను నల్లని బీరులో కూడ లేత మాల్టు పాలు పెంచారు.

పిప్పి కడుగుటలోను మార్పు వచ్చినది. ఇంగ్లండులో అదే మాల్టుపై రెండు మూడుసార్లు కొత్త నీరు పోసి నానబెట్టి వంపేవారు. స్కాట్లండువారు ఒకసారి నానబెట్టి, ఆపైన వేడినీటిని సన్నని జల్లుగా కురిపించేవారు. 19వ శతాబ్దములో ఈ పద్ధతి ఇంగ్లండుకు వ్యాపించినది. ఎప్పుడు ఆపవలెనో హైడ్రోమీటరు చెప్పేది. మితిమీరి కడిగినచో పొట్టులోని వగరు దిగుతుంది. నేడు కొన్ని దేశములలో ఇంటివద్ద మాల్టును గుడ్డసంచిలో ఉంచి నానబెట్టి, సంచిని పైకెత్తి వేడినీటితో కడుగువారు పాటించునది కూడ ఈ సూత్రమే.

ఐనను ఈ పరికరములు 'ఎంత' అను ప్రశ్నకే జవాబిచ్చినవి. 'ఎందుకు' అను ప్రశ్నకు 1833లో ఫ్రెంచి రసాయనికులు పాయెన్, పెర్సో దారి చూపారు. మాల్టు సారములో ఆల్కహాలు కలుపగా తెల్లని పదార్థము అడుగున చేరినది. అది కొద్దిపాటి ఉన్నను ఎంతో పిండిపదార్థమును చక్కెరగా మార్చినది. మరిగించగానే ఆ శక్తిని కోల్పోయినది. దానికి డయాస్టేజ్ అని పేరు పెట్టారు. ఈ విధముగా వేరుచేయబడిన మొదటి ఎంజైము ఇదే. ఇందులో ముఖ్యముగా రెండు ఎంజైములున్నవని నేడు మనకు తెలుసు: బీటా అమైలేజ్ 60–65 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద, ఆల్ఫా అమైలేజ్ సుమారు 70 డిగ్రీల వద్ద చురుకుగా పనిచేస్తవి. రెంటికి మధ్య ఉన్న 65–68 డిగ్రీలే మాషింగ్‌కు అనువైన వేడి.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో చూపవచ్చును. మొలకెత్తిన రాగులను నూరి, చల్లని నీటిలో కలిపి, తేరిన నీటిని వడపోత కాగితముతో వడగట్టండి. రెండు పరీక్షనాళికలలో పలుచని గంజి పోసి, ఒకదానిలో ఈ నీటిని, రెండవదానిలో మరిగించి చల్లార్చిన అదే నీటిని కలపండి. రెంటిని 60 డిగ్రీల నీటిలో అరగంట ఉంచి, చల్లార్చి, అయొడీను చుక్క వేయండి. మరిగించిన నీరు కలిపినది ముదురు నీలముగా మారుతుంది. రెండవదానిలో నీలిరంగు వెలవెలబోతుంది, లేదా అసలే రాదు. నీటి వేడిని 30, 60, 90 డిగ్రీలకు మార్చి విద్యార్థులు తామే పట్టిక వేసికొన్నచో, బేవర్‌స్టాక్ తండ్రికి తెలియకుండ వెదకినదేమో వారికి బోధపడగలదు.