ముద్ద దిగుతోందా? మెడ ఆపరేషన్‌కు ముందే అడగాల్సిన ప్రశ్న

అన్నం తింటూ పొలమారితే కృష్ణా జిల్లా ఇళ్లలో పెద్దవాళ్లు నెత్తిమీద తట్టి, "ఎవరో తలుచుకుంటున్నారు" అంటారు. మెడ ఆపరేషన్ చేయించుకుని వచ్చిన మనిషికి మజ్జిగ తాగినప్పుడల్లా పొలమారుతుంటే మాత్రం ఆ మాటతో సరిపెట్టుకోకూడదు.

మెడలో డిస్కు జారి నరాన్ని నొక్కితే సర్జన్లు చాలాసార్లు మెడ ముందు నుంచే వెన్నెముకను చేరుకుంటారు. 1950ల్లో స్మిత్, రాబిన్సన్, క్లోవర్డ్ ఈ దారిని వాడుకలోకి తెచ్చారు. ఇందుకు శ్వాసనాళాన్నీ అన్నవాహికనూ ఒక పక్కకు జరిపి, పని అయ్యేదాకా అలాగే పట్టి ఉంచాలి. ఆ ఒత్తిడికి లోపలి కండ వాస్తుంది. స్వరపేటికకు వెళ్లే నరం దెబ్బతింటే గొంతు బొంగురుపోతుంది, మింగిన నీళ్లు ఊపిరితిత్తుల వైపు జారతాయి.

ఈ ఇబ్బంది అరుదేమీ కాదు. అమెరికాలో బజాజ్ బృందం 2002లో ప్రచురించిన అధ్యయనంలో ఆపరేషన్ అయిన నెలకు సగం మందికి, ఆరు నెలలకు సుమారు 18 శాతానికి, ఏడాదికి 12.5 శాతానికి మింగడం కష్టంగానే ఉంది. మహిళలకూ, ఒకటికి మించి డిస్కులకు ఆపరేషన్ జరిగినవారికీ ముప్పు ఎక్కువని తేలింది. అదే చోట రెండోసారి కోయాల్సి వచ్చినవారూ ఈ కోవలోకే వస్తారు. తలను మెడతో కలిపి బిగించే ఆపరేషన్లలోనైతే కోణమే కీలకం: తల ముందుకు వంగి స్థిరపడితే గొంతు వెనుక దారి ఇరుకవుతుంది. ఆ కోణాన్ని ఎక్స్‌రేలో ముందే కొలిచి చూసుకోవచ్చు.

ఇన్ని తెలిసినా, అంచనా ఎక్కువగా తప్పేది ప్రశ్న దగ్గరే. మింగే ఇబ్బందిని అంచనా వేసే బజాజ్ కొలమానం మధ్యస్థాయి ఇబ్బందికి బ్రెడ్డునూ, స్టేక్ అనే గొడ్డుమాంసపు ముక్కనూ ఉదాహరణగా ఇస్తుంది. కంకిపాడు రైతుకు ఆ ప్రశ్న ఏం పనికొస్తుంది? పొడిగా ఉన్న పప్పన్నం ముద్ద ఆగుతోందా, ఇడ్లీకి నీళ్లు తాగాల్సి వస్తోందా, చారు పొలమారుతోందా అని అడిగితేనే నిజం బయటికొస్తుంది.

అదీ ఆపరేషన్‌కు ముందే అడగాలి. ఇబ్బంది ముందే ఉండి ఉండవచ్చు. ప్రకాశం ప్రాంతాన్ని చూడండి. దర్శి, పొదిలి ప్రాంతాల్లో ఫ్లోరోసిస్‌ను వైద్యులు 1937లోనే గుర్తించారు. ఆ జబ్బులో వెన్నెముక బిగుసుకుపోతుంది. కారణం ఏదైనా, మెడ వెన్నుపూసల ముందు వైపు ఎముక పెరిగితే కత్తి పడకముందే ముద్ద అడ్డుపడవచ్చు. మొదటి రోజు పరిస్థితి రాసి పెట్టుకోకపోతే, తర్వాత వచ్చిన ఇబ్బంది పాతదో కొత్తదో ఎవరూ చెప్పలేరు. విజయవాడ ఆసుపత్రుల్లో మెడ ఆపరేషన్ కేస్‌షీట్‌లో ఈ మూడు తెలుగు ప్రశ్నలకు చోటివ్వడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

ఇంట్లోవాళ్లకు ఒక మాట. ఆపరేషన్ తర్వాత మొదటి రోజుల్లో మెడ ఉబ్బినా, ఊపిరి ఆడకపోయినా, జ్వరంతో పాటు మింగడం కష్టమైనా తెల్లారేదాకా ఆగకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.