జూద వ్యసనం: నిజామాబాద్, బోధన్ ప్రాంతం

పేకాట, మట్కా, క్రికెట్ బెట్టింగ్, ఆన్‌లైన్ రమ్మీ ఎంత నష్టం తెచ్చినా మానలేకపోవడం జూద వ్యసనం. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని రుగ్మతగా గుర్తించింది; తిట్లతో నయం కాదు. పోయిన డబ్బు రాబట్టాలని మళ్లీ ఆడటం దీని తొలి గుర్తుల్లో ఒకటి. దాచిన అప్పులు, కుదువకెక్కిన బంగారం ఆ తర్వాత బయటపడతాయి. పంట డబ్బు ఏడాదికి ఒకటి రెండుసార్లే చేతికొచ్చే బోధన్ ప్రాంత రైతు ఇంట్లో ఒక్క రాత్రి ఓటమి వచ్చే సాగు పెట్టుబడినే మింగేయగలదు. తెలంగాణ 2017లో జూదంపై ఉన్న చట్టాన్ని సవరించి డబ్బు పెట్టే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. అయినా కేసు భయంతో వైద్యం మానుకోకూడదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. చనిపోవాలన్న మాట వినిపిస్తే మనిషిని ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.